మత్తు వద్దని చెప్పే మ్యాజిక్ షోలు: పిల్లల్లో ఏం మిగులుతోంది?

జూన్ 26 దగ్గర పడుతుంటే స్కూళ్లలో హడావిడి మొదలవుతుంది. ఈ తేదీని మాదకద్రవ్యాల వ్యతిరేక దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించింది. మన దగ్గర అది గడిచే తీరు అందరికీ తెలిసిందే: ప్లకార్డులు పట్టుకుని ర్యాలీ, గ్రౌండ్‌లో నిలబెట్టి ప్రతిజ్ఞ, ఎస్సై గారో ఎక్సైజ్ అధికారో వచ్చి ప్రసంగం, చివర్లో వ్యాసరచన పోటీ విజేతలకి బహుమతులు. కాస్త ఖర్చు పెట్టగలిగిన స్కూలైతే ఒక మ్యాజిక్ షో కూడా పెట్టిస్తుంది. మొత్తం కార్యక్రమంలో పిల్లలు కళ్లార్పకుండా చూసేది ఆ ఒక్కటే. వందల మంది పిల్లలు ముప్పావు గంట సేపు గోల చేయకుండా కూర్చుని చూసే అవకాశం ఏ ఉపన్యాసానికీ దొరకదు, అందుకే ఆ ముప్పావు గంటలో ఏం చెబుతున్నాం, చెప్పింది వాళ్ల తలకెక్కుతోందా అని గట్టిగా అడగాలి.

ఈ పద్ధతి బాగా పెరిగింది అమెరికాలో. 1980లలో అధ్యక్షుడి భార్య నాన్సీ రీగన్ 'జస్ట్ సే నో', అంటే 'వద్దని చెప్పేయండి చాలు' అనే నినాదంతో స్కూళ్లన్నీ తిరిగారు. 1983లో లాస్ ఏంజెలెస్ పోలీస్ చీఫ్ డారిల్ గేట్స్ అక్కడి స్కూళ్ల యంత్రాంగంతో కలిసి డేర్ అనే కార్యక్రమం మొదలుపెట్టాడు, యూనిఫాంలో ఉన్న పోలీసు క్లాసుకి వచ్చి పాఠం చెప్పడం దాని ప్రత్యేకత. 1985లో ఎన్రికే కమరేనా అనే మాదకద్రవ్య నియంత్రణ ఏజెంటుని మెక్సికోలో కిడ్నాప్ చేసి చంపేశారు. ఆయన జ్ఞాపకంగా జనం ఎర్ర రిబ్బన్లు పెట్టుకోవడం మొదలై, 1988 నాటికి అది దేశమంతా జరుపుకునే రెడ్ రిబ్బన్ వీక్ అయింది. 1986లో వచ్చిన చట్టంతో స్కూళ్లకి ఈ పనికి కేంద్ర నిధులు కూడా అందాయి. డబ్బుంది, తేదీ ఉంది, పిల్లల్ని కూర్చోబెట్టే ఆడిటోరియం ఉంది, ఇక కళాకారులు రాకుండా ఎలా ఉంటారు? మెజీషియన్లు, బొమ్మలతో మాట్లాడించేవాళ్లు, సైకిల్ విన్యాసాలు చేసేవాళ్లు అందరూ తమ దగ్గరున్న ఐటెంలకి 'డ్రగ్స్ వద్దు' అనే మాట జోడించుకుని స్కూళ్ల బాట పట్టారు. ఇప్పటికీ అక్టోబర్ చివరి వారం వాళ్లకి చేతినిండా పనే.

ఇంత ఖర్చు పెట్టారు కాబట్టి ఫలితం ఏమిటని కొలిచారు కూడా. డేర్ మీద జరిగినన్ని పరిశోధనలు ఇలాంటి కార్యక్రమాల్లో బహుశా ఇంకే దాని మీదా జరగలేదు. 1999లో వచ్చిన కెంటకీ అధ్యయనం ఒక్కటి చెప్పుకుంటే చాలు: ఆరో తరగతిలో ఆ పాఠాలు విన్న పిల్లల్ని ఇరవయ్యేళ్ల వయసులో మళ్లీ కలిసి చూస్తే, వినని వాళ్లకీ వీళ్లకీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. 2003లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ కూడా దాదాపు ఇదే మాట చెప్పింది. ఇంకోవైపు 1998 నుంచి 2004 దాకా టీవీల్లో, పత్రికల్లో సుమారు 100 కోట్ల డాలర్లతో నడిచిన ప్రచారం పరిస్థితి మరీ అన్యాయం. గంజాయి వాడకం తగ్గిన జాడ లేదు సరికదా, ఆ ప్రకటనలు ఎక్కువగా చూసిన పిల్లల్లో కొందరిలో గంజాయి పట్ల మొగ్గు పెరిగిన సూచనలు కనిపించాయి. దీనికి పరిశోధకులు చెప్పిన ఒక వివరణ ప్రతి టీచరూ గుర్తుపెట్టుకోవాల్సింది: 'వద్దు వద్దు' అని పదేపదే చెబుతుంటే పిల్లలకి వినిపించేది 'అంటే అందరూ వాడుతున్నారన్నమాట' అని.

మ్యాజిక్ షోల మీద ఇంత పెద్ద కొలతలు లేవు, కానీ వాటిలో చెప్పే మాట చాలావరకు అదే నినాదం, కాబట్టి ఈ ఫలితాలు వాటికి వర్తించవని అనుకోవడానికి కారణమేమీ కనపడదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం 2013లో నివారణ ప్రమాణాలు ప్రచురించి 2018లో సవరించింది. పని చేయనివాటి కోవలో అది చెప్పినవి ఏమిటంటే పిల్లలు నోరు మెదపకుండా వినే ఉపన్యాసాలు, భయపెట్టే సమాచారం, ఒకప్పుడు మత్తుకి బానిసైన వాళ్లని తెచ్చి వాళ్ల కథ చెప్పించడం. మన స్కూళ్లలో జూన్ 26న జరిగేది చాలావరకు ఈ మూడే. ఇది అధికారుల మీదో టీచర్ల మీదో నింద కాదు, వాళ్లు చేయగలిగింది వాళ్లు మనస్ఫూర్తిగా చేస్తున్నారు, పద్ధతి దగ్గరే తేడా వస్తోంది.

మ్యాజిక్‌కి ఇంకో చిక్కు అదనంగా ఉంది. పాఠంలో అసలు విషయానికి సంబంధం లేని ఆసక్తికరమైన ముక్కలు చేరిస్తే, పిల్లలకి ఆ ముక్కలే గుర్తుండి అసలు విషయం జారిపోతుందని విద్యా మనస్తత్వ శాస్త్రంలో చాలా ప్రయోగాలు తేల్చాయి, రిచర్డ్ మేయర్ బృందం చేసినవి వాటిలో బాగా తెలిసినవి. షో అయ్యాక ఐదో తరగతి పిల్లవాడు ఇంటికెళ్లి ఏం చెబుతాడో ఊహించండి. 'అమ్మా, ఖాళీ సంచీలోంచి పావురం వచ్చింది!' పావురం రాకముందు ఆయన గుట్కా గురించి ఏం చెప్పాడో వాడిని అడిగి చూస్తే తెలుస్తుంది.

ట్రిక్ సంగతి పక్కన పెట్టి, ట్రిక్ ఏం చెబుతోందో చూస్తే ఇంకా ఇబ్బంది. తాడుని ముక్కలు చేసి మళ్లీ అతికించేది అందరికీ తెలిసిన ఐటెం. దీనికి మత్తు కథని ఇలా తగిలిస్తారు: ఈ తాడు ఒక కుర్రాడి జీవితం, ఇదిగో సిగరెట్ అలవాటైంది, కత్తెర, ఇదిగో గంజాయి, మళ్లీ కత్తెర, ఇప్పుడు వీడు మంచి మాట విన్నాడు, మంత్రదండం ఊపితే తాడు మళ్లీ ఒక్కటే. చప్పట్లు మోగిపోతాయి. కానీ పిల్లల కళ్లముందు జరిగిందేమిటి? ఎంత పాడైనా ఒక్క ఊపుతో బాగైపోయింది. గ్లాసులో నీళ్లకి టింక్చర్ అయోడిన్ చుక్కలు వేసి ముదురు రంగు తెప్పించి, హైపో అనే రసాయనం కలిపి మళ్లీ తేటనీళ్లు చేసేది కూడా ఇదే బాపతు. మత్తు నుంచి బయటపడ్డవాళ్లు లక్షల్లో ఉన్నారు, బయటపడటం నిజంగా సాధ్యమే, అది పిల్లలకి తెలియాలి కూడా, అయితే ఆ బయటపడటం నెలల తరబడి చికిత్స, కౌన్సెలింగ్, మళ్లీ జారడం, మళ్లీ లేవడం, ఇంట్లో వాళ్ల ఓపిక. అతుక్కున్న తాడులో ఇదేదీ లేదు. సిగరెట్టుని గుప్పిట్లో మాయం చేసే ఐటెం అయితే అసలు పెట్టకూడదు. హాలు మొత్తం చూపు ఆ సిగరెట్టు మీదే పెట్టించి, దాన్ని పట్టుకున్న మనిషిని హీరోని చేసి, తర్వాత 'ఇది మంచిది కాదు' అంటే ఎవరి చెవికెక్కుతుంది?

ఇంత చెప్పాక మ్యాజిక్ మానేయమని అర్థం చేసుకోవద్దు. మ్యాజిక్ తనకి మాత్రమే తెలిసిన ఒక విషయాన్ని వదిలేసి, పోలీసు ఉపన్యాసాన్ని రంగు బట్టల్లో చెబుతోంది, బాధంతా అక్కడే. మనిషి దృష్టిని ఎలా మళ్లించవచ్చో, తనంతట తానే ఎంచుకున్నాననే భ్రమ ఎలా కలిగించవచ్చో మెజీషియన్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పిల్లవాడి చేతికి మొదటి సిగరెట్టో, మొదటి గంజాయి చాక్లెట్టో వచ్చేటప్పుడు జరిగేదీ సరిగ్గా అదే. దాన్ని స్టేజి మీద విప్పి చూపించడం మెజీషియన్ చేయగలిగిన పని.

టోనీ స్లైడినీ అనే ఇటాలియన్ అమెరికన్ మెజీషియన్ ప్రసిద్ధం చేసిన ఐటెం ఒకటుంది, ఈ పనికి దానంత బాగా సరిపోయేది దొరకదు. ఒకరిని స్టేజి మీద కుర్చీలో కూర్చోబెడతారు. మెజీషియన్ పల్చటి కాగితాన్ని ఉండ చుట్టి, ఆయన ముఖానికి బాగా దగ్గరగా గుప్పిట పట్టి, 'ఇందులో ఉందా?' అని అడిగి, రెండు మూడుసార్లు చెయ్యి పైకీ కిందకీ ఊపి, తెరిచి చూపిస్తాడు. ఉండ లేదు! నిజానికి ఊపులో దాన్ని ఆయన తల మీదుగా వెనక్కి విసిరేశాడు. చెయ్యి ముఖానికి అంత దగ్గరగా ఉన్నప్పుడు తలపైన ఏం పోతోందో ఆయన కంటికి అందదు. హాల్లో ప్రతి పిల్లవాడికీ కనిపించింది, కుర్చీలో ఉన్న మనిషికి తప్ప. ఇంకో ఉండ, అదీ మాయం. ఇంకా పెద్ద ఉండ, అదీ అంతే. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతుంటారు, ఆయన మాత్రం మెజీషియన్ చేతుల్నే ఇంకా కళ్లు పెద్దవి చేసి చూస్తుంటాడు.

ఆ కుర్చీలో పిల్లవాడిని కూర్చోబెట్టకూడదు, అందరి ముందూ వాడు నవ్వులపాలవుతాడు. హెడ్‌మాస్టర్ గారిని కూర్చోబెట్టాలి. అప్పుడు రెండు విషయాలు చెప్పకుండానే తెలుస్తాయి. చదువూ వయసూ ఉన్నవాళ్లు కూడా మోసపోతారు, ఎందుకంటే మోసం జరిగేది చూపు లేని చోట. రెండోది ఇంకా ముఖ్యం, ఒకడు మోసపోతుంటే ముందుగా కనిపించేది పక్కనున్నవాళ్లకి. అక్కడ షో ఆపి మెజీషియన్ పిల్లల్ని ఒక ప్రశ్న అడగాలి: మీకందరికీ కనపడుతోంది కదా, సార్‌కి ఎందుకు చెప్పలేదు? నవ్వొచ్చింది కాబట్టి, ఎవరూ చెప్పలేదు కాబట్టి, షో పాడవుతుందని, ఇలా రకరకాల జవాబులొస్తాయి. ఎనిమిదో తరగతి కుర్రాడు తన ఫ్రెండు స్కూలు వెనక వైట్‌నర్ పీలుస్తుంటే చూసి కూడా ఎందుకు చెప్పడో, ఆ జవాబుల్లోనే చాలావరకు ఉంది.

ఎంపిక ట్రిక్ ఇంకోటి. బల్ల మీద ఎర్ర రుమాలు, పచ్చ రుమాలు. మెజీషియన్‌కి కావలసింది ఎర్రది. పిల్లని పిలిచి 'ఒకటి తీసుకో అమ్మా' అంటాడు. ఎర్రది తీసుకుంటే 'భలే, ఇదే మనం వాడేది' అంటాడు. పచ్చది తీసుకుంటే 'సరే, అది నువ్వు ఉంచుకో, మిగిలిన దానితో మనం మ్యాజిక్ చేద్దాం' అంటాడు. ఆ పిల్ల ఏది తీసుకున్నా చేరేది ఒక్కచోటికే, అయినా తనే ఎంచుకున్నానని ఒట్టేసి చెబుతుంది. షోలో దీన్ని రహస్యంగానే ఉంచుతారు. ఇక్కడ మాత్రం రెండోసారి చేసి, నెమ్మదిగా, మాట మాట విడదీసి చూపించాలి. చూపించాక బయట వినపడే మాటలు పక్కన పెట్టాలి. 'ఇప్పుడు ఒక దమ్ము కొడతావా, మా ముగ్గురిదీ అయ్యాక కొడతావా?' 'ఫుల్లు వద్దులే, కొంచెమే తీసుకో.' 'ఇవాళ వస్తావా, బర్త్‌డే రోజు వస్తావా?' వీటిలో 'వద్దు' అనే రుమాలు బల్ల మీదే లేదు. పిల్లలు దాన్ని పసిగట్టగలిగితే చాలు, వద్దని చెప్పడం అప్పుడే మొదలవుతుంది. బల్ల మీద లేని మూడోది అడగడం వాళ్లతోనే సాధన చేయించాలి, ఇద్దరిద్దర్ని స్టేజి మీదకి పిలిచి, అందరి ముందూ, సొంత మాటల్లో.

దీని వెనక సిద్ధాంతం పాతదే. విలియం మెక్‌గ్వైర్ అనే మనస్తత్వవేత్త 1960లలో చెప్పాడు, ఒప్పించే వాదనని ముందుగా కొద్ది మోతాదులో రుచి చూపించి, ఎదురు జవాబు చెప్పడం అలవాటు చేస్తే, తర్వాత పెద్ద మోతాదులో ఎదురైనప్పుడు మనిషి తట్టుకుంటాడని. 1970లలో హ్యూస్టన్‌లో రిచర్డ్ ఎవాన్స్ దాన్ని స్కూలు పిల్లల పొగతాగుడు మీద వాడాడు, తోటివాళ్ల ఒత్తిడి ఎలా ఉంటుందో ముందే సినిమాలా చూపించి. తర్వాత వచ్చిన మంచి కార్యక్రమాలు చాలావరకు ఈ దారిలోవే.

తెలుగువాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు, మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది, మత్తు విషయంలో వాడటం లేదంతే. జన విజ్ఞాన వేదిక 1988లో మొదలైన దగ్గర్నుంచి బాబాల మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు ఊరూరా ఇస్తోంది. నిమ్మకాయ కోస్తే రక్తం కారుతుంది, జనం హడలిపోతారు. తర్వాత కార్యకర్త కత్తి చూపిస్తాడు: దాని మీద ముందే మందార పువ్వు రసం రాసి ఉంది, నిమ్మ పులుపు తగలగానే ఎర్రబడింది. ఆ తర్వాత పిల్లల్నే పిలిచి చేయమంటాడు. నాలుక మీద కర్పూరం వెలిగించడం కూడా అలాగే, కాకపోతే దాన్ని పెద్దలే చేసి చూపించాలి. చేతబడికి భయపడే ఊళ్లలో ఒక్క ఉపన్యాసం కూడా చేయలేని పని ఇవి చేశాయి, ఎందుకంటే పిల్లలు మోసాన్ని ముందు నమ్మారు, తర్వాత విప్పారు, ఆ తర్వాత తామే చేశారు. 'గుట్టు విప్పకూడదు' అనేది మెజీషియన్ల కట్టుబాటు, అది వాళ్ల బతుకుదెరువు, గౌరవించాల్సిందే. అయితే పుస్తకాల్లో ఎప్పుడో అచ్చయిన చిన్న ట్రిక్కులు ఒకటి రెండు పిల్లల కోసం విప్పితే ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు.

విప్పడమే కాదు, నేర్పడం ఇంకా మంచిది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలో జాన్ బోస్కో అనే కుర్రాడు గారడీ నేర్చుకుని తోటి పిల్లల్ని పోగేసేవాడు. పెద్దయ్యాక టూరిన్‌లో దిక్కులేని కుర్రాళ్లకి ఆశ్రయం, పని, చదువు ఇచ్చింది ఆయనే. ఇప్పుడు మన హైదరాబాద్‌లో సహా ప్రపంచమంతటా ఉన్న డాన్ బాస్కో సంస్థలు ఆయన పేరు మీదవే. కేరళలో గోపీనాథ్ ముతుకాడ్ 2014లో తిరువనంతపురం దగ్గర మ్యాజిక్ ప్లానెట్ పెట్టి, తర్వాత మానసిక వైకల్యం ఉన్న పిల్లలకి మ్యాజిక్ నేర్పి వాళ్ల చేతే ప్రదర్శనలు ఇప్పించాడు, 2021లో డబ్బు తీసుకుని చేసే షోలు మానేసి పూర్తిగా ఆ పిల్లలకే అంకితమయ్యాడు. మన దగ్గర బి.వి. పట్టాభిరామ్ మ్యాజిక్, హిప్నాటిజం నుంచి మొదలై మనస్తత్వం, వ్యక్తిత్వ వికాసం దాకా వచ్చారు, ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయని ఒక తరం తెలుగు పిల్లలకి ఆయన వల్లే తెలిసింది. గుప్పిట్లో రూపాయి బిళ్ల మాయం చేయడం నేర్చుకునే పిల్లవాడు దానితో పాటు చాలా నేర్చుకుంటాడు: పది మంది ముందు నిలబడటం, కళ్లలోకి చూసి మాట్లాడటం, పొరపాటు జరిగితే కంగారుపడకుండా మాట మార్చడం. దమ్ము కొట్టమని నలుగురు చుట్టూ చేరినప్పుడు పనికొచ్చేవీ ఇవే.

ఒక్క షోతో ఇదంతా అవుతుందనుకుంటే మళ్లీ మొదటికొస్తాం. గిల్బర్ట్ బోట్విన్ అమెరికాలో రూపొందించిన లైఫ్ స్కిల్స్ ట్రైనింగ్, ఈ రంగంలో గట్టి ఆధారాలున్న కొద్దివాటిలో ఒకటి, మొదటి ఏడాది 15 క్లాసులు, రెండో ఏడాది 10, మూడో ఏడాది 5 నడుస్తుంది. ముప్పై క్లాసుల పనిని ముప్పావు గంటకి అప్పజెప్పలేం. షో చేయగలిగేది తలుపు తీయడం. మర్నాడు క్లాస్ టీచర్ ఒక పీరియడ్ తీసుకుని 'నిన్న సార్ తల మీదుగా కాగితం పోయింది కదా' అని ఎత్తుకోవాలి, ఆ తర్వాత నెలలో రెండుసార్లయినా అది కొనసాగాలి. తెలంగాణ స్కూళ్లలో మత్తుకి వ్యతిరేకంగా ప్రహరీ క్లబ్బులు పెడుతున్నారు, వాటికి ఇలాంటి పని ఇస్తే సరిగ్గా సరిపోతుంది.

వయసు తేడా కూడా చూడాలి. మూడో తరగతి వాళ్లనీ పదో తరగతి వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే షో వేయడం మన స్కూళ్లలో మామూలే, అది పనికిరాదు. చిన్నవాళ్ల దగ్గర మాదకద్రవ్యాల పేర్లు ఎత్తాల్సిన అవసరమే లేదు, తెలియని మాత్రలు నోట్లో వేసుకోకపోవడం, ఎవరో ఇచ్చిన చాక్లెట్ తినే ముందు ఇంట్లో అడగడం, భయమేసినప్పుడు చెప్పుకోగలిగే పెద్దమనిషి ఒకరుండటం, ఇంతవరకు చాలు. పెద్ద క్లాసుల్లో పేరు పెట్టి మాట్లాడవచ్చు, అయితే ఎలా వాడతారు, ఎంతకి దొరుకుతుంది లాంటి వివరాలు స్టేజి ఎక్కకూడదు. సినిమాల్లో చూపించే డ్రగ్స్ గురించే మాట్లాడి, చేతికి అందే వాటిని వదిలేయడం ఇంకో లోపం. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం, పీల్చే పదార్థాల వాడకం పెద్దవాళ్లలో 0.58 శాతం ఉంటే 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉంది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్, థిన్నర్, అన్నీ షాపులో చవగ్గా దొరికేవే. పిల్లల్లో పెద్దవాళ్ల కంటే ఎక్కువగా ఉన్న ఈ అలవాటు గురించి జూన్ 26 ర్యాలీల్లో ఒక్క ప్లకార్డు కూడా కనపడటం అరుదు.

అలాగే 'కుర్రాళ్లంతా పాడైపోతున్నారు' అనే మాట స్టేజి మీద వినపడకూడదు. నిజానికి పిల్లల్లో అత్యధికులు ఏ మత్తూ ముట్టరు. వద్దన్నవాడు ఒంటరి కాదు, ఎక్కువమంది వాడి వైపే ఉన్నారని తెలియడం పిల్లలకి పెద్ద బలం.

చివరిగా, షో ముగిశాక జరిగేదాని గురించి ఎవరూ ఏర్పాటు చేసుకోరు. సామాను సర్దుకుంటున్న మెజీషియన్ దగ్గరికి ఒక పిల్లో పిల్లవాడో వచ్చి, 'మా నాన్న రోజూ తాగొస్తాడు' అనో, 'మా అన్న ఏదో పీలుస్తున్నాడు' అనో చెప్పే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే ఆ పూట వాళ్లని నవ్వించిన మనిషి ఆయనే. స్టేజి మీద 'తాగేవాళ్లు రాక్షసులు' అని ఉంటే ఆ పిల్ల నోరు విప్పదు, తను ప్రేమించే నాన్నని ఎవరూ రాక్షసుడనడం ఏ పిల్లకీ ఇష్టం ఉండదు. అందుకే స్క్రిప్టులో మనుషుల్ని తిట్టే మాటలు లేకుండా చూసుకోవాలి, స్కూల్లో ఒక టీచర్ని ఈ పనికి ముందే అనుకుని, ఆవిడ పేరు షోలోనే చెప్పాలి. ఆ టీచర్ దగ్గర ఫోన్ నంబర్లుండాలి: మత్తు గురించి ఫిర్యాదుకి తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972, దేశమంతటికీ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, పిల్లల కోసం 1098. పిల్లవాడు చెప్పింది మర్నాడు స్టాఫ్ రూంలో చర్చ కాకూడదు, అసెంబ్లీలో ఉదాహరణ అసలే కాకూడదు. మెజీషియన్‌ని మాట్లాడుకునేటప్పుడు ఫీజు, టైము, మైకు సంగతులతో పాటు ఈ ఏర్పాటు గురించి కూడా హెడ్‌మాస్టర్ ముందే మాట్లాడుకోవాలి.